భౌతికశాస్త్ర విద్యార్థియు విశ్వవిద్యాలయ నిర్ణయమును

మన పిల్లలలో నొకడు గణితమునందును భౌతికశాస్త్రమునందును అభిరుచి గలవాడై, ఇంటరు చదువు ముగియగానే "నేను భౌతికశాస్త్రమునే చదివెదను" అని పలికినచో ఇంటివారికి రెండు సందేహములు పుట్టును. ఈ చదువువలన జీవనము జరుగునా యనునది మొదటిది. వానిని ఎచ్చటికి పంపవలెననునది రెండవది. మొదటి సందేహమునకు ఊరిలో నెల్లరును సమాధానము చెప్పగలరు. రెండవదానికి చెప్పగలవారు మిక్కిలి అరుదు. అందుచేత తల్లిదండ్రులు తాము పేరు విన్న విద్యాలయమునకు మాత్రము దరఖాస్తు పెట్టింతురు. అది లభింపనిచో బాలుడు ఏదో యొక ఇంజనీరింగు తరగతిలో చేరిపోవును. శాస్త్రమునం దభిరుచి గల బుద్ధిమంతుడు ఇట్లు దారితప్పుట ఒక కుటుంబమునకు మాత్రమే నష్టము గాదు.

ఈ వ్యాసమునందు రెండవ సందేహమును చరిత్రదృష్టితో విచారింపదలచితిమి. మన దేశమున భౌతికశాస్త్రము నభ్యసింప గోరినవారు పూర్వము ఎచ్చటెచ్చటికి పోయిరి, ఎందుచేత పోయిరి, ఏమి పొందిరి, ఏమి కోల్పోయిరి యను సంగతులు తెలిసినచో నేటి నిర్ణయము కొంత సుకరము కాగలదు.

ఎన్నిక లేని కాలము

1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు స్థాపింపబడెను. అవి లండను విశ్వవిద్యాలయమును అనుసరించి యేర్పడినవి. తొలిదినములలో వాని ముఖ్యమైన పని పరీక్షలు జరిపి పట్టము లిచ్చుట. బోధనము చేయుట కాదు. బోధనభారము కళాశాలలది. తెలుగు జిల్లాల విద్యార్థికి విశ్వవిద్యాలయ మనగా మద్రాసు ఒక్కటియే. రాజమహేంద్రవరమున చదివినను, విజయనగరమున చదివినను, బందరున చదివినను వ్రాయవలసిన పరీక్ష అదియే. కావున ఆ కాలమున విశ్వవిద్యాలయము నెన్నుకొనుట అను ప్రశ్నయే లేదు. ఏ కళాశాలలో మంచి పరికరములు కలవు, ఎవరు చక్కగా బోధింతురు అనునదియే విచారణీయముగ నుండెను.

ఈ స్థితిలో చదివినవారిలో అగ్రగణ్యులు చంద్రశేఖర వెంకటరామనుగారు. వీరి తండ్రిగారు విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలలో ఉపన్యాసకులుగ నుండుటచే రామనుగారి బాల్యములో అధికభాగము మన తెలుగు సముద్రతీరముననే గడచెను. అచ్చటి కళాశాలలో ఇంటర్మీడియటు ముగించి, 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయిరి. 1904లో బి.ఏ. పరీక్షయందు భౌతికశాస్త్రమున ప్రథములైరి. సీమకు పోయి చదువవలెనని గురువులు సలహా యిచ్చిరి గాని, ఆ శీతలవాతావరణమును ఈ దుర్బల శరీరము సహింపజాలదని ప్రభుత్వవైద్యుడు చెప్పుటచే ఆ ప్రయాణము మానుకొనవలసి వచ్చెను. ఎం.ఏ. చదువుచున్నప్పుడే, 1906లో, వీరి తొలి పరిశోధనవ్యాసము లండనునందలి ఫిలసాఫికల్ మాగజైను పత్రికలో ప్రకటింపబడెను. ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనాడు పరిశోధనశాఖ యనదగిన దేదియు లేదు. అయినను పరికరములు విద్యార్థి చేతికి అందెను. తరగతి పాఠములు గాక స్వేచ్ఛగా ప్రయోగములు చేసికొనుటకు అనుమతియు లభించెను. భౌతికశాస్త్ర విద్యార్థికి కావలసిన మొదటి సౌకర్యము ఇదియే.

కలకత్తా యాకర్షణము

1907లో రామనుగారు ఆర్థికశాఖ యుద్యోగమున చేరి కలకత్తాకు పోయిరి. ఆ నగరమున మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో నెలకొల్పిన శాస్త్రపరిశోధనసంఘ మొకటి కలదు. అది విశ్వవిద్యాలయము గాదు, పట్టము లిచ్చునది గాదు. అయినను అచ్చట ప్రయోగశాల కలదు. ఆఫీసు పనికి ముందును వెనుకను వీ రచ్చట పరిశోధన సాగించిరి.

ఇంతలో కలకత్తా విశ్వవిద్యాలయమున ఒక గొప్ప మార్పు జరిగెను. ఉపకులపతి యైన ఆశుతోష్ ముఖర్జీగారి ప్రేరణమున తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అను న్యాయవాదు లిరువురు లక్షల కొలది రూపాయలు విరాళమిచ్చిరి. ఆ ధనముతో 1914లో విజ్ఞానకళాశాల స్థాపితమయ్యెను. పాలిత్‌గారి పేర నేర్పడిన ఆచార్యపీఠమును 1917లో రామనుగారు స్వీకరించిరి. అందులకై అంతకంటె హెచ్చు జీతము వచ్చు ప్రభుత్వోద్యోగమును వదలుకొనిరి. అదే కళాశాలలో మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు అను యువకు లిరువురు ఉపన్యాసకులుగ చేరిరి. క్రొత్త భౌతికశాస్త్ర మంతయు జర్మను భాషలో నుండుటచే వా రా భాషను నేర్చుకొని, ఐన్‌స్టైనుగారి సాపేక్షతా వ్యాసములను ఆంగ్లమునకు అనువదింపగా 1920లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించెను.

ఈ వార్త దక్షిణదేశమున వ్యాపించుటతో మద్రాసు పట్టభద్రులు కలకత్తాకు ప్రయాణము కట్టిరి. తమిళదేశమునుండి కె. ఎస్. కృష్ణనుగారు 1920లో పోయిరి. మన తెలుగుదేశమున కృష్ణా మండలమందలి ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టమును పొంది, 1928లో కలకత్తాకు పోయిరి. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28వ తేదీన రామను ఫలితము కనుగొనబడెను. 1930లో నోబెలు బహుమానము వచ్చెను. పందొమ్మిదేండ్ల తెలుగు యువకుడు ప్రపంచ మంతయు చూచుచున్న ప్రయోగశాలలో పనిచేయ గలిగెను. ఆయన తన పట్టముమీది ముద్రకొరకు కలకత్తాకు పోలేదు. ఒక గురువును, ఆ గురువు చేయుచున్న పనిని వెదకికొని పోయెను.

వాల్తేరు ఉదయము

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగ ఏర్పడి, పిదప వాల్తేరునకు తరలెను. ప్రథమ ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931లో వారి స్థానమునకు సర్వేపల్లి రాధాకృష్ణనుగారు వచ్చిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి భూరి వార్షిక విరాళముతో శాస్త్ర సాంకేతిక కళాశాల నెలకొనెను. 1932లో భగవంతముగారు అందు భౌతికశాస్త్ర బోధనమునకు వచ్చిరి. అంతవరకు మన విద్యార్థి రైలుబండిలో రెండుదినములు ప్రయాణము చేసి చేరుకొనుచున్న పరిశోధన ఇప్పుడు మన సముద్రతీరముననే లభించెను.

అది పేరుకు మాత్రమే కాదు. కాంతి పరిక్షేపణమును, రామను ఫలితమును గూర్చి భగవంతముగారు వ్రాసిన గ్రంథమును 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ముద్రించెను. టి. వెంకటరాయుడుగారితో కలసి సమూహసిద్ధాంతమును, భౌతికశాస్త్రమున దాని యుపయోగమును గూర్చి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను. అణువుల కంపనములను, స్ఫటికముల ధర్మములను గణితమూలమున వివరించు ఆ గ్రంథమును ఇతర దేశములవారును చదివిరి. అదే విశ్వవిద్యాలయమున రంగధామరావుగారి వర్ణపటశాస్త్ర పరిశోధనయు ప్రసిద్ధి కెక్కెను. క్రొత్త విశ్వవిద్యాలయమైనను, సమర్థులైన ఆచార్యు లిరువురు ముగ్గురు కుదిరినచో, ప్రాతవానికి తీసిపోదని వాల్తేరు నిరూపించెను.

దీనికి ప్రక్కన మరియొక సంగతి చెప్పవలెను. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థ 1909లో స్థాపింపబడి యెంతయో పేరు గాంచినది. కాని అందు భౌతికశాస్త్రశాఖ 1933లో రామనుగారు డైరెక్టరుగ వచ్చిన పిమ్మటనే ప్రారంభమయ్యెను. అంతకు ముందు సంస్థ పేరును మాత్రమే చూచి భౌతికశాస్త్రము కొరకు అచ్చటికి పోదలచిన విద్యార్థికి ఆశాభంగమే కలిగియుండును. సంస్థ కీర్తి వేరు. అందు మనకు కావలసిన శాఖ యొక్క స్థితి వేరు.

సముద్రము దాటినవారు

విదేశములకు పోయినవారి చరిత్రము గూడ ఈ సంగతినే బలపరచును. సుబ్రహ్మణ్యం చంద్రశేఖరుగారు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగ నున్నపుడు, 1928లో, జర్మను పండితుడైన సోమర్‌ఫెల్డు మద్రాసునకు వచ్చెను. బాలుడు వారిని దర్శింపగా, తాను అంతవరకు పుస్తకములలో చదివిన పరమాణుశాస్త్రము అప్పటికే మారిపోయెనని తెలిసెను. పండితుడు తన యచ్చుకాని వ్యాస మొకటి చేతికిచ్చెను. దానిని చదివి చంద్రశేఖరుగారు ఒక వ్యాసము వ్రాసి, అదే విషయమున పనిచేయుచున్న కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫౌలరుకు పంపిరి. అది రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడెను. 1930లో ప్రభుత్వ విద్యార్థివేతనము లభింపగా ఆ ఫౌలరు కడకే పోయిరి. విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపుటకు ముందే అచ్చటి యాచార్యునితో పరిచయము ఏర్పడినది. 1983లో వీరికి నోబెలు బహుమానము వచ్చెను.

హోమీ భాభాగారి కథ తల్లిదండ్రులు వినదగినది. 1927లో వీరిని కేంబ్రిడ్జికి పంపినది యంత్రశాస్త్రము చదువుటకు. కాని వారి మనస్సు భౌతికశాస్త్రముపై నిలిచెను. ఆ సంగతిని తండ్రికి జాబు వ్రాసి తెలుపగా, యంత్రశాస్త్రమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడవైనచో తరువాతి చదువునకు ధనమిచ్చెదనని తండ్రి యంగీకరించెను. కుమారుడు మాట నిలుపుకొనెను, తండ్రియు నిలుపుకొనెను. ఉభయులును ఇట్లు ఒడంబడిక చేసికొనుటచే మన దేశమునకు 1945లో టాటా మౌలికపరిశోధన సంస్థయు, పిదప అణుశక్తి కార్యక్రమమును లభించెను.

మన తెలుగువారిలో పశ్చిమగోదావరి మండలమందలి గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందగారి మార్గము మరియు విచిత్రము. హిమాలయములలో యోగాభ్యాసము చేసిన యీ సన్యాసి ఐరోపాకు పోయి, ప్రాగు నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్సుకిరణములపై పరిశోధన చేసెను. పిదప లివర్పూలునందును, అమెరికాలో మిషిగనునందును పనిచేసి, స్వదేశమునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున పరమాణుకేంద్ర భౌతికశాఖను పెంపొందించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైను బప్పుగారు హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1949లో హార్వర్డునకు పోయి ఖగోళభౌతికశాస్త్రమున డాక్టరు పట్టము గైకొనిరి.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. చంద్రశేఖరుగారును, బప్పుగారును మొదటి పట్టమును స్వదేశముననే పొంది, ఉన్నతపరిశోధనకు మాత్రమే సముద్రము దాటిరి. ఇంటి సొమ్ము గాక విద్యార్థివేతనమే వారిని దాటించెను.

పట్టము నిరాకరింపబడిన పండితురాలు

గురువును, ప్రయోగశాలను చూచి పొమ్మని చెప్పుచున్నాము గాని, నిబంధనలను చూడనక్కరలేదని చెప్పుటలేదు. అన్నా మణిగారు 1939లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆనర్సు పట్టము పొంది, 1940లో బెంగుళూరులో రామనుగారి ప్రయోగశాలలో చేరిరి. వజ్రముల, కెంపుల వర్ణపటములపై రాత్రింబవళ్లు పనిచేసి ఐదు వ్యాసములు ప్రకటించిరి. 1945లో పరిశోధనగ్రంథమును సమర్పించిరి. విజ్ఞానసంస్థకు ఆనాడు పట్టము లిచ్చు నధికారము లేదు. ఆ యధికారము మద్రాసు విశ్వవిద్యాలయముది. ఎం.ఎస్సీ. పట్టము లేదన్న కారణమున ఆ విశ్వవిద్యాలయము ఆమెకు డాక్టరు పట్టమును నిరాకరించెను. పని యుత్తమమైనది, గురువు జగత్ప్రసిద్ధుడు, అయినను ఒక నిబంధన యడ్డుపడెను. ఆమె తదనంతరము ఇంగ్లండునకు పోయి వాతావరణపరికరముల విద్య నేర్చి, 1948లో తిరిగివచ్చి, భారత వాతావరణశాఖలో మహోన్నతసేవ చేసిరి. కాని ఆ పట్టము మాత్రము రాలేదు. బెంగుళూరు సంస్థకు స్వయముగ పట్టము లిచ్చు నధికారము 1958లో గాని కలుగలేదు.

కావున విద్యాలయమున చేరుటకు ముందు పట్టమిచ్చునది ఎవరు, ఆ పట్టమునకు పూర్వము ఏ పట్టము కావలెను, ఇచ్చటి పట్టము పై చదువునకు చెల్లునా యను మూడు ప్రశ్నలు అడిగి, సమాధానమును వ్రాతమూలముగ తెచ్చుకొనవలెను.

నేటి ద్వారములు

మన పూర్వులకు లేని ద్వారములు నేడు పెక్కు కలవు. 2006లో పూనా, కలకత్తాలతో ఆరంభమై ఏడు చోట్ల ఐసర్ విద్యాలయములు నెలకొన్నవి. వానిలో తిరుపతి యందలిది 2015లో ప్రారంభమయ్యెను. వీనియందు ఐదేండ్ల సంయుక్తపట్టము కలదు. ప్రవేశమునకు వాని సొంత పరీక్ష కలదు. భువనేశ్వరమునందలి నైసరును, బొంబాయి విశ్వవిద్యాలయమున అణుశక్తిశాఖ సహాయముతో నడచు కేంద్రమును 2007లో ఏర్పడినవి. ఈ రెంటికిని నెస్టు అను పరీక్ష కలదు. బెంగుళూరు విజ్ఞానసంస్థ 2011లో నాలుగేండ్ల తొలిపట్టమును ప్రారంభించెను. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునందును భౌతికశాస్త్రము కలదు. ఐ.ఐ.టి.లలో కొన్నిట భౌతికశాస్త్రమును, ఇంజనీరింగు భౌతికశాస్త్రమును జె.ఇ.ఇ. అడ్వాన్సుడు పరీక్షమూలమున లభించును.

వీనిలో నెచ్చటను చోటు దొరకనివాడు నిరాశ చెంద పనిలేదు. సమీపమున నున్న మంచి కళాశాలలో గణిత భౌతికశాస్త్రములతో బి.ఎస్సీ. చదివి, జామ్ అను పరీక్ష వ్రాసినచో ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.కిని, బెంగుళూరులో డాక్టరు పట్టముతో కూడిన సంయుక్త విద్యకును దారి యేర్పడును. పదునేడవ యేట మూయబడిన తలుపు ఇరువదవ యేట మరల తెరువబడు నన్నమాట. ఈ సంగతి తెలియకయే పల్లెటూరి విద్యార్థులు పెక్కురు శాస్త్రమును విడిచిపెట్టుచున్నారు.

విదేశముల విషయమున కొన్ని నియమములు తెలిసియుండవలెను. బ్రిటనులో తొలిపట్టమునకు ఒకే దరఖాస్తుపై ఐదు ఎన్నికలకు మాత్రమే అవకాశము కలదు. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జిలలో ఒకే యేట ఒకదానినే కోరవలెను. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింటిలో బోధనరుసుము లేకున్నను, తొలిపట్టపు బోధన సాధారణముగ జర్మను భాషలో జరుగును. అమెరికాలో తొలిపట్టమునకు వ్యయ మధికము. విదేశవిద్యార్థి ధనసహాయము కోరినచో కొన్నిచోట్ల ఆ సంగతియు ప్రవేశనిర్ణయమున లెక్కకు వచ్చును. కాని అదే దేశమున భౌతికశాస్త్ర డాక్టరు పట్టమునకు చేరినవారికి సాధారణముగ రుసుము మినహాయింపును, బోధన లేక పరిశోధన పనికి వేతనమును ఇత్తురు. కావున పొలము తాకట్టు పెట్టి తొలిపట్టమునకు పంపుటకంటె, ఇచ్చట గట్టి పునాది వేయించి, పై చదువునకు వేతనముతో పంపుట అనేక కుటుంబములకు క్షేమకరము.

దరఖాస్తులు పెట్టునపుడు మూడు విధములైన విద్యాలయములను ఎన్నుకొనవలెను: చేరగలమో లేదో యన్న ఉన్నతమైనవి రెండు, శ్రమించినచో దొరకునవి మూడు, తప్పక దొరకునది ఒకటి. ఆ చివరిది యనిష్టమైనది కాకూడదు. మంచి గణితబోధనయు, నడచుచున్న ప్రయోగశాలయు గలదై యుండవలెను. ప్రతి విద్యాలయమును గూర్చి ఆచార్యుల పేర్లను, వారు ఇటీవల ప్రకటించిన వ్యాసములను, మొదటి యేటి విద్యార్థి వారమున కెన్ని గంటలు ప్రయోగశాలలో గడపునో దానిని, అచ్చట చదివి వెడలినవారు ఎచ్చట చేరిరో దానిని తెలిసికొనవలెను. వీలైనచో అచ్చటి విద్యార్థి నొకనిని ముఖాముఖి అడుగుట మేలు. గోడలపై ప్రకటనములకంటె అతని మాట విశ్వసనీయము.

పోషకుల కర్తవ్యము

పాలిత్, ఘోష్ గారల ధనము లేనిచో కలకత్తా విజ్ఞానకళాశాల లేదు. విక్రమదేవవర్మగారి ధనము లేనిచో వాల్తేరు ప్రయోగశాల అంత త్వరగ వెలసియుండదు. అంతటి విరాళము లిచ్చు శక్తి మనలో నందరికిని లేదు. అయినను భౌతికశాస్త్ర విద్యార్థికి తొలి యడ్డంకి పెద్ద మొత్తము గాదు. ఐదారు దరఖాస్తుల రుసుములు, పరీక్షాకేంద్రమునకు పోయివచ్చు బాడుగ, రెండు పాఠ్యగ్రంథములు - వీనికి సొమ్ము లేకయే బీదవాడు ఒకే యొక దరఖాస్తుతో సరిపెట్టుకొనును. ఆ యొకటి తప్పినచో శాస్త్రమే తప్పును. మన వసతిగృహముల నిధులలోను, విద్యార్థివేతన నిధులలోను కొంత భాగమును కళాశాలలో చేరిన పిమ్మట గాక, చేరుటకు పూర్వమే, దరఖాస్తుల కాలముననే ఇచ్చు పద్ధతి నేర్పరచుట యుక్తము.

రెండవది: శాస్త్రము చదివి వివిధ విశ్వవిద్యాలయములలో నున్న మనవారి పట్టిక నొకదానిని ప్రతి సంవత్సరము సిద్ధపరచి, వారి యంగీకారముతో, ఇంటరు విద్యార్థుల కందుబాటులో నుంచవలెను. చంద్రశేఖరుగారికి సోమర్‌ఫెల్డు దర్శనము దైవికముగ లభించెను. అట్టి మేలును మనము ప్రయత్నపూర్వకముగ కలుగజేయవచ్చును.

మూడవది: ఆడపిల్లల విషయము. దూరమను కారణమున బాలికలను ఇంటి సమీపముననే చదివించుట యింకను కలదు. బాలుడు దరఖాస్తు పెట్టు ప్రతి విద్యాలయమునకును బాలికచేతను దరఖాస్తు పెట్టింపవలెను. వసతి ఏర్పాటు కనుగొని చెప్పు భారమును సంఘము వహింపవలెను. అన్నా మణిగారికి నిబంధన యడ్డువచ్చెను. మన యింటి బాలికకు మనమే యడ్డు కారాదు.

ఈ మహాసభకు విచ్చేసిన పోషకమహాశయులు ఈ మూడు సంగతులను తీర్మానరూపమున నంగీకరించి, రాబోవు సంవత్సరపు దరఖాస్తుల కాలమునకు ముందే ఆచరణమునకు తెత్తురని ప్రార్థించుచున్నాము.

శుభం భూయాత్.